అది, వాడు, బేటా

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. శామీర్‌పేటలో బయోటెక్ ల్యాబులుండే జీనోమ్ వ్యాలీలో మనిషిని తయారుచేసి ఊరి మీదికి వదిలావు, ఊరు వాడిని వెలివేసింది. ఆలోచన బాగుంది. కానీ పన్నెండు పేజీల్లో ఏడు ల్యాబే మింగేసింది. 1818లో అచ్చయిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో మేరీ షెల్లీ, మనిషి తయారుచేసిన జీవి కళ్ళు తెరిచే ఘట్టాన్ని కొద్ది పేరాల్లో ముగించింది. తయారుచేసినవాడు ప్రాణం ఎలా పోశాడో చివరిదాకా చెప్పనే లేదు. ఆమె తీరిగ్గా రాసింది ఒక పాక గురించి. ఆ జీవి అందులో దాక్కుని నెలల తరబడి సందులోంచి పక్కింటివాళ్ళను చూస్తూ, వాళ్ళ మాటలు వింటూ భాష నేర్చుకుంటాడు. రాత్రుళ్ళు కట్టెలు తెచ్చిపెడతాడు. ఆ ఇంటి గుడ్డి ముసలాయన ఒక్కడే ఉన్నప్పుడు లోపలికెళ్తే ఆయన ఆదరంగా మాట్లాడతాడు. అంతలో కళ్ళున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. ఈ వరస చూడు: కాసేపైనా ముందు తలుపు తెరుచుకుంది. నీ కథలో ఎదురైన మొదటి మనిషే రాయి విసిరాడు. ఇక పోగొట్టుకోవడానికి వాడి దగ్గర ఏముంది?

రాళ్ళు తీసెయ్. ఉప్పల్‌లో ఒక టూలెట్ బోర్డు ముందు నిలబెట్టు. ఓనరమ్మ ఏమడుగుతుందో నీకు తెలుసు: ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీరేమిట్లు, నాన్న ఏం చేస్తారు. తయారైన మనిషి దగ్గర ఒక్కదానికీ జవాబుండదు. ఆమె కేకలెయ్యదు. “మా చుట్టాలొస్తామన్నారు బాబూ” అంటుంది. మర్నాడు బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. వాడు దాన్ని చూశాడని రాయి, బాధపడ్డాడని రాయకు.

అసలు చిక్కు క్రియాపదంతో. తెలుగులో ‘వచ్చాడు’ అన్నా ‘వచ్చింది’ అన్నా మనిషా కాదా అన్న తీర్పు అక్కడే ఇచ్చేసినట్టు. నువ్వు ఒకే పేరాలో రెండూ వాడావు, చూసుకోక. ఆ తప్పునే పనికి తెచ్చుకో. తయారుచేసిన డాక్టరు ‘అది’ అంటాడు, సెక్యూరిటీ గార్డు ‘వాడు’ అంటాడు, ఇరానీ హోటల్లో పెద్దాయన “ఏం కావాలె బేటా” అంటాడు. వాడు విన్న మొదటి వరసపిలుపు అదే కావాలి. టీవీలో ఫొటో వచ్చిన మర్నాడు అదే పెద్దాయన కప్పూ సాసరూ పక్కనపెట్టి చాయ్ పేపర్ కప్పులో ఇస్తాడు, బేటా అనడు. అంతే చాలు. (జీవి ఆడదైతే ఈ ఉపాయం సగమే పారుతుంది. మన భాష ఆడమనిషినీ గొడ్డునూ కుర్చీనీ ఒకే ‘వచ్చింది’లో కట్టేసింది. అప్పుడు ‘ఆమె’, ‘అది’ మీదే నడపాలి.) ఉత్తమపురుషలో రాస్తే ‘వచ్చాను’ నీ గుట్టు కాపాడుతుంది. ఎదుటివాడి నోట ‘అది’ విన్నప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

వాడిని ఏ పనికి చేశారో నీ కథలో ఎక్కడా లేదు. ఊరికే ఎవరూ మనిషిని తయారుచెయ్యరు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920 నాటి నాటకంతో లోకానికి తెలిసిన ‘రోబో’ చెక్ భాషలోని ‘రొబోటా’ నుంచి పుట్టింది. అంటే బలవంతపు చాకిరీ. తెలంగాణలో దాన్ని వెట్టి అంటాం. వెలి అంటే ఊరికి పూర్తిగా దూరం పెట్టడం కాదు, పని కావాలి, పక్కన కూర్చోవడం వద్దు. అలాగని వాడిని ఫలానా కులానికి గుర్తుగా పెట్టకు. అమ్మకు పుట్టిన మనుషుల్ని ల్యాబు సరుకుతో పోల్చినట్టవుతుంది.

చివర హుస్సేన్‌సాగర్‌లో దూకించావు. షెల్లీ కూడా చావు చూపలేదు. చస్తానని చెప్పి ఆమె జీవి మంచుపలక మీద చీకట్లోకి కొట్టుకుపోతాడు. నువ్వు పేపర్ కప్పు దగ్గర ఆపి చూడు. మళ్ళీ పంపేటప్పుడు పేజీలకు అంకెలు వెయ్యి.