సర్వే నౌక పక్కన తిమింగలం కదలకుండా ఉందంటే ఎయిర్‌గన్ శబ్దం దాన్ని ఏమీ చేయనట్టేనా?

సముద్రం అడుగున చమురు వెతకడానికి ఎయిర్‌గన్‌లతో (గాలిని ఒక్కసారిగా వదిలి నీటిలో పెద్ద శబ్దం పుట్టించే పరికరాలతో) సర్వే జరుగుతున్న చోట ఒక తిమింగలం నింపాదిగా తేలుతున్న వీడియో చూసి, "పారిపోలేదు కదా, ఇక నష్టమేంటి?" అని అడిగారు. పారిపోవడం ఒక్కటే చూస్తే అసలు సంగతి దొరకదు.

మెక్సికో గల్ఫ్‌లో 2002, 2003 సంవత్సరాల్లో ఎనిమిది స్పెర్మ్ తిమింగలాల ఒంటికి రికార్డర్లు అతికించి, ఎయిర్‌గన్ నౌకను వాటి వైపు నడిపారు. ఒక్కటీ పక్కకు తప్పుకోలేదు. కానీ నౌక అన్నిటికంటే దగ్గరగా వచ్చిన తిమింగలం నాలుగు గంటలకు పైగా నీటి పైనే ఉండిపోయి, చివరి షాట్ (ఎయిర్‌గన్ ఒక్కో పేలుడు) అయిపోగానే లోతుకు దిగింది. మిగతావి వేట మానలేదు గానీ తోక ఊపులో శ్రమ తగ్గింది, ఎరను అందుకునే చివరి క్షణంలో చేసే గబగబ క్లిక్కులు సగటున 19 శాతం తగ్గాయి. నమూనా చిన్నది కాబట్టి ఆ 19ని ఖాయం చేసుకోకండి. కానీ ఆ మొదటి తిమింగలాన్ని పైనుంచి వీడియో తీసి ఉంటే, మీరు చూసిన వీడియో లాగే ఉండేది.

శబ్దం సంగతికొస్తే, ఇరవై, ముప్పై ఎయిర్‌గన్‌లను 5 నుంచి 10 మీటర్ల లోతులో లాక్కుంటూ పోతారు. చదరపు అంగుళానికి సుమారు 2,000 పౌండ్ల పీడనంతో ఉన్న గాలిని పది సెకన్లకోసారి ఒక్కసారిగా వదులుతారు. ఆగకుండా నడిస్తే రోజుకు 8,640 షాట్లు. శక్తిలో ఎక్కువ భాగం 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది, నీలి తిమింగలాలూ ఫిన్ తిమింగలాలూ పిలుచుకునేది కూడా అక్కడే. దగ్గర్లో టప్పుమని తెగిపోయే శబ్దం పదుల కిలోమీటర్లు పోయేసరికి అడుగునా పైనా తగిలి సాగిపోతుంది, రెండు షాట్ల మధ్య నిశ్శబ్దాన్ని కూడా కొంత తినేస్తుంది. ఇంకో మాట: నీటిలో డెసిబెళ్లను గాలిలో డెసిబెళ్లతో నేరుగా పోల్చకండి. లెక్క మొదలుపెట్టే ఆధార పీడనాలు వేరు, మాధ్యమం వేరు. ఒకే తీవ్రతకు నీటి అంకె సుమారు 62 ఎక్కువ వస్తుంది. "జెట్ విమానం కంటే ఇన్ని రెట్లు" అనే పోస్టులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

బౌహెడ్ తిమింగలాల మీద అలాస్కా ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో 2007 నుంచి 2010 వరకు చేసిన రికార్డింగులు నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి. దూరంగా షాట్లు వినపడటం మొదలవగానే అవి ఎక్కువగా పిలిచాయి. పది నిమిషాల మొత్తం శబ్దమోతాదు 94 డెసిబెళ్లు దాటాక ఆ పెరుగుదల ఆగింది, సుమారు 127 దాటితే పిలుపులు తగ్గుతూ వచ్చాయి, 160 పైన దాదాపు మూగబోయాయి. అంటే "పిలుపులు పెరిగాయి", "తగ్గాయి" అని రెండు నివేదికలు ఎదురెదురుగా కనిపించినా రెండూ నిజమే కావచ్చు. ముందు దూరం, మోతాదు చూడండి. పైగా సర్వే జరిగేటప్పుడు బౌహెడ్లు నీటి పైకి వచ్చే తీరు కూడా మారుతుంది. అందుకే విమానం నుంచి లెక్కించి, నీటి కింద ఉండి కనబడని వాటి కోసం వాడే పాత సవరణ గుణకాన్నే వాడితే సంఖ్య తప్పుతుంది.

ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ తీరంలో హంప్‌బ్యాక్ తిమింగలాల మీద 2010లో మొదలైన ప్రయోగాల్లో చేసిన మంచి పని ఏమిటంటే, అదే నౌకను ఎయిర్‌గన్ పేల్చకుండా కూడా నడిపారు. తిమింగలాలు నౌకకే స్పందించడం అప్పుడే తెలిసింది. ఆ వాటాను తీసేసి చూస్తే, 3 కిలోమీటర్ల లోపల, షాట్ మోతాదు 140 డెసిబెళ్లు దాటినప్పుడు తప్పుకోవడం ఎక్కువగా కనిపించింది. ఈ పోలిక లేని నివేదికను నేను సగమే నమ్ముతాను.

నౌక మీద కాపలా ఎలా ఉంటుందో తెలిస్తే దాని పరిమితి కూడా అర్థమవుతుంది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం షాట్లకు ముందు 30 నిమిషాలు, 200 మీటర్లకు మించిన లోతులో 60 నిమిషాలు వెతకాలి. 500 మీటర్లలో జంతువు కనబడితే, చివరిసారి కనబడినప్పటి నుంచి 20 నిమిషాలు ఆగాలి. తర్వాత చిన్న గన్‌తో మొదలుపెట్టి కనీసం 20 నిమిషాల్లో పూర్తి బలానికి పెంచాలి. ఆ 500 మీటర్లు కొలవాల్సింది గన్‌ల మధ్య నుంచి, మనం నిలబడ్డ బ్రిడ్జి (నౌకను నడిపే గది) నుంచి కాదు. గన్‌లు వెనక వందల మీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. బైనాక్యులర్‌లోని గీతల్లో పై గీతను దిగంతానికి ఆనించి, జంతువు ఎన్నో గీత దగ్గరుందో చూసి, మన కంటి ఎత్తుకు తగ్గ పట్టికలో దూరం చదవాలి. అలలు లేచి తెల్లనురగ కడితే చిన్న జాతులు కళ్లకు ఆనవు. రాత్రి హైడ్రోఫోన్ (నీటిలో వాడే మైకు) స్పెర్మ్ తిమింగలం క్లిక్కులను బాగానే పడుతుంది గానీ, నీలి తిమింగలం లోగొంతు నౌక ఇంజిన్ మోతలో కలిసిపోతుంది.

కృష్ణా గోదావరి బేసిన్ సర్వేల గురించి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది. అక్కడా వాడేది ఎయిర్‌గన్లే. కానీ వలసపోయే బౌహెడ్ దగ్గర కొలిచిన 127 డెసిబెళ్ల అంకెను తెచ్చి బంగాళాఖాతంలో మేత మేసే బ్రైడ్స్ తిమింగలానికి అంటించకండి. ఒకే జాతిలో కూడా మేసేటప్పుడు ఓర్చుకునే శబ్దానికి వలసలో పక్కకు తప్పుకుంటాయి. వలసపోయే బౌహెడ్లు 20 కిలోమీటర్ల దూరం నుంచే తప్పుకున్నాయి, మేసేవి అంతకంటే బాగా దగ్గరలోనే ఉండిపోయాయి. స్థానిక నివేదిక చేతికొస్తే మూడు చూడండి: సర్వేకు ముందూ తర్వాతా రికార్డింగులు ఉన్నాయా, షాట్ల వేళలు విడిగా ఇచ్చారా, కాపలా లేని గంటలను "తిమింగలాలు లేవు" కింద లెక్కేశారా.