పిల్లల దగ్గర బరువు మాట ఎత్తేముందు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గాజువాక క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చేరీ చేరగానే మంచి ప్రశ్నే వేశావు. డిప్రెషన్‌తో వచ్చిన పిల్లతో బరువు గురించి మాట్లాడాలా, వద్దా? మాట్లాడాలి. కానీ ఆ మాట ఎవరు తెచ్చారో ముందు చూసుకో. పిల్ల నోరు విప్పేలోపే తల్లి అందుకుంటుంది: "ఇంటర్‌లో చేరాక ఎంత ఒళ్ళు చేసిందో చూడండి మేడమ్, మీరైనా చెప్పండి." నువ్వు తలూపావా, ఆ పిల్ల కంటికి పెళ్ళిళ్ళలో తగిలే మరో అత్తయ్యవైపోతావు. తల్లిని కాసేపు బయట కూర్చోమను. "అమ్మ అన్నదాని గురించి మాట్లాడదామా, ఇవాళ వద్దా?" అని పిల్లనే అడుగు. వద్దంటే వదిలెయ్యి. నమ్మకం కుదిరాక చాలామంది వాళ్ళే ఎత్తుతారు.

అప్పుడైనా కిలోల దగ్గర మొదలుపెట్టకు. ఎన్ని గంటలు పడుకుంటోంది, హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక ఏం తింటోంది, ఆటలు ఎప్పుడు మానేసింది, క్లాసులో ఏ పేరు పెట్టి ఏడిపిస్తున్నారు, ఇవి అడుగు. ఇంట్లో వెక్కిరింపులు, కడుపు మాడ్చుకునే డైటింగ్, రెండూ పిల్లల్ని అదుపు లేని తిండి వైపే నెడతాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2016లో బరువు మాటలు, డైటింగ్ మాన్పించి, ఇంటిల్లిపాదీ కలిసి తినడం పెంచమంది. "రోజూ ఆర్కే బీచ్‌లో నడువు" అనడం మనకి తేలిక. క్లాసువాళ్ళంతా ముంత మసాలా తింటూ కూర్చునే చోట ఆ పిల్ల నడుస్తుందా?

ఒక్క సందర్భంలో మాత్రం పిల్ల ఎత్తేదాకా ఆగకు. ఒలాంజపిన్, రిస్పెరిడోన్, వాల్‌ప్రోయేట్ లాంటి మానసిక జబ్బుల మందులు రాసినప్పుడు. వీటితో ఆకలి, బరువు పెరగొచ్చు. ఒలాంజపిన్‌తో అయితే పెద్దవాళ్ళకంటే ఈ వయసు పిల్లలకే ఎక్కువ. ముందే చెప్పకపోతే అదంతా తమ తిండియావే అనుకుని కుమిలిపోతారు. లేదా గుట్టుగా మాత్రలు పారేస్తారు, జబ్బు తిరగబెట్టాక గానీ ఇంట్లో తెలియదు. మందు మొదలైన రోజే చెప్పు: "ఆకలి ఎక్కువ కావచ్చు, అది నీ తప్పు కాదు. ఇబ్బందైతే మానెయ్యకు, మాకు చెప్పు." మోతాదు సవరించడం, మందు మార్చడం, కొందరికి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ జత చెయ్యడం డాక్టరుగారి పని. ఆయన చెవిన వెయ్యడం నీ పని. మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాయించి, మూడు నెలలకి మళ్ళీ చూడమని అడుగు. మొహమాటపడకు. బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 23, 25 అన్నవి పెద్దవాళ్ళ లెక్కలు. పిల్లలకి వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి వేరే చార్టులున్నాయి, భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చినవి తెప్పించుకో.

బరువు మిషన్ రిసెప్షన్ పక్కనే ఉందన్నావు. దాన్ని లోపలికి మార్పించు. అంకె పైకి చదవొద్దని స్టాఫ్‌కి చెప్పు.

సన్నబడి వచ్చిన పిల్లని "భలే తగ్గావే" అని మాత్రం మెచ్చుకోకు. ఎలా తగ్గిందో నీకు తెలియదు. ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి విషయంలో వచ్చే మానసిక జబ్బు, లావుగా ఉన్న పిల్లలకీ వస్తుంది. తిన్నాక బాత్రూంకి పరుగెత్తుతోందా, నెలసరి ఆగిందా అని నెమ్మదిగా కనుక్కో. కళ్ళు తిరిగి పడిపోతోందంటే కౌన్సెలింగ్ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఆ రోజే పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపు. నెలసరి తప్పుతూ బరువు పెరుగుతుంటే థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) పరీక్షలు చేయించమను.

ఆ తల్లిని కూడా ఒకసారి విడిగా కూర్చోబెట్టుకో. వారం రోజులు భోజనం దగ్గర పిల్ల కంచం గురించి మాట్లాడకుండా ఉండగలరేమో అడుగు. ఆవిడ ఏమందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మేడమ్