నీళ్ళలో ఉన్నా ఒంట్లో నీళ్ళు తగ్గుతాయా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా బాబుకి పదమూడేళ్ళు. సెలవుల్లో రోజూ సాయంత్రం గంటన్నర స్విమ్మింగ్ ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడు. ఇంటికొచ్చేసరికి తలనొప్పి అంటున్నాడు, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందట. మంచినీళ్ళు తాగరా అంటే "ఇంతసేపూ నీళ్ళలోనే ఉన్నాగా, దాహం లేదమ్మా" అంటాడు. ఈత కొట్టేవాళ్ళకి కూడా చెమట పడుతుందా? నాకు టెన్షన్‌గా ఉందండీ.
– ఒక తల్లి

జవాబు: పడుతుందమ్మా. పట్టిన చెమట పట్టినట్టే చుట్టూ ఉన్న నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి చొక్కా తడవడం, నుదుటి మీంచి కారి కళ్ళు మండటం లాంటి గుర్తులేవీ ఉండవు, అందుకే పిల్లాడికీ తెలియదు, ఒడ్డున కూర్చున్న మనకీ తెలియదు. పోటీలు జరిగే పూల్‌లో నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. మన బెజవాడ ఎండలకి పైకప్పు లేని పూల్ నీళ్ళు అంత చల్లగా ఎక్కడుంటాయి? నీళ్ళు వెచ్చబడేకొద్దీ ఒంట్లో వేడిని లాగలేవు, చెమట పెరుగుతుంది. ఇక తల ఊపి ఊపి గాలి పీల్చేటప్పుడు ఊపిరితో పోయే తడి వేరే.

చెమట ఒక్కటే కాదు. మెడదాకా నీళ్ళలో ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి కాళ్ళలో రక్తం ఛాతీ వైపు చేరుతుంది. గుండె కాస్త సాగుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలకి బయటికి పంపేయమని కబురు వెళ్తుంది. ప్రాక్టీస్ మధ్యలో పిల్లలు బాత్రూమ్‌కి పరిగెత్తేది అందుకే. దాహం కూడా దానివల్లే తగ్గుతుంది, కాబట్టి మీవాడు అబద్ధం చెప్పడం లేదు. బయటికొచ్చాక మాత్రం కిడ్నీలు ఉన్న నీటిని పొదుపు చేసుకుంటాయి, ఆ ముదురు పసుపు రంగు దాన్నుంచే వచ్చి ఉండొచ్చు. వేళ్ళు ముడతలు పడ్డాయి కదా, ఒళ్ళు నీళ్ళు తాగేసిందిలే అనుకోకండి. అది నరాలు అక్కడి రక్తనాళాల్ని బిగించడం వల్ల వచ్చే ముడత.

ఎంత పోతోందో ఇంట్లోనే చూడొచ్చు. ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత ఒళ్ళు, జుట్టు బాగా తుడుచుకుని, తడి కాస్ట్యూమ్ తీసేసి బరువు చూడండి. 42 కిలోలవాడు 41.5కి వచ్చాడు, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగాడు అనుకోండి, దాదాపు 800 మిల్లీలీటర్లు పోయినట్టే. దాహం కోసం ఎదురుచూడకుండా పూల్ గట్టు మీదే సీసా పెట్టుకుని, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకి నాలుగు గుక్కలు తాగమనండి. ఇంటికొచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి. కొబ్బరిబొండం మంచిదే గానీ చెమటతో పోయిన ఉప్పు అందులో పెద్దగా ఉండదు. అలాగని బలవంతంగా లీటర్లకి లీటర్లు తాగించకండి, అదీ ప్రమాదమే.

ఇంకోటి, గాగుల్స్ రబ్బరు మరీ బిగుతుగా ఉన్నా తల నొప్పెడుతుంది, ఓసారి వదులు చేసి చూడండి. ఇవన్నీ చేశాక కూడా వారంలో తగ్గకపోయినా, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండమ్మా.