అమ్మలూ, పాత వాషర్ మళ్లీ వేయకు

అమ్మలూ,

హైదరాబాద్‌లో ఏఎంఈ కోర్సులో సీటు వచ్చిందని అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పావు, నాకు చెప్పలేదు. తాతయ్య వద్దంటాడనుకున్నావా? సాయంత్రానికల్లా ఆటోనగర్ టీ కొట్టు దగ్గర పదిమందికి చెప్పేశాను, మా మనవరాలు విమానాల మెకానిక్ అవుతోందని. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

కాలేజీకి డీజీసీఏ, అదే విమానాల సంగతి చూసే సర్కారు సంస్థ, అనుమతి ఉందో లేదో చూసుకో. సర్టిఫికెట్ల జిరాక్సులు నాలుగు సెట్లు పెట్టుకో. తిరిగే మెషీన్ దగ్గర జడ ముడేసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. 1994 వేసవి. నందిగామ వైపు నుంచి మిర్చి బస్తాలతో ఒక లారీ రాత్రి మా షెడ్డుకి వచ్చింది. ఇంజన్ పంపు దగ్గర డీజిల్ కారుతోంది. బోల్టు విప్పితే రాగి వాషర్ నలిగిపోయి ఉంది. కొత్తది రూపాయో రెండో. కానీ షాపులు కట్టేశారు. తెల్లారేసరికి గుంటూరు యార్డులో ఉండాలని డ్రైవర్ ఒకటే తొందర. ఆ పాత వాషర్‌నే ఎర్రగా కాల్చి, చల్లార్చి, తిరగేసి వేశాను. "ముప్పై కిలోమీటర్లే కదా, సర్దుకుంటుందిలే" అన్నాను. ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే చుక్క కారలేదు. డబ్బులు కూడా తీసుకున్నాను.

గుంటూరు దారిలో కాజ ఊరు దాటాక లారీ అంటుకుంది. కాగిపోయిన ఎగ్జాస్ట్ మీద డీజిల్ పడితే ఇంకేముంది. డ్రైవర్ దూకేశాడు. క్లీనర్ కుర్రాడు గోనెసంచితో ఆర్పబోయి మోచేతి దాకా కాల్చుకున్నాడు. పదిహేడేళ్లు వాడికి, నీకంటే చిన్న. మిర్చి అంటుకున్నాక ఆ ఘాటుకి ఊళ్లోవాళ్లు బిందెలతో వచ్చి కూడా దగ్గరికి వెళ్లలేకపోయారట. ఆస్పత్రికి వెళ్తే ఆ కుర్రాడే నన్ను ఓదార్చాడు, "మీ తప్పేముంది మేస్త్రీ" అని. నేను నోరు విప్పలేదు. వాషర్ సంగతి మీ అమ్మమ్మకి కూడా ఇప్పటిదాకా తెలియదు. ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించకు.

గాల్లో ఉన్న విమానం ఇంజన్‌కి నిప్పెందుకు అంటుకుంటుందో చూడమని మొన్న మీ తమ్ముడి ప్రాణం తీశాను. వాడు చదివినవాటిలో ఒకటి నన్ను వదలడం లేదు. 1987 మే 9న వార్సా నుంచి న్యూయార్క్ బయల్దేరిన ఇల్యూషిన్-62ఎం విమానం. ఇంజన్ షాఫ్టు బేరింగ్‌లో 26 రోలర్లు ఉండాల్సిన చోట 13 ఉన్నాయని పోలండ్ విచారణలో తేలింది. సగం రోలర్లతో బేరింగ్ తిరగదా అంటే, తిరుగుతుంది. నా వాషర్ కూడా షెడ్డులో కారలేదుగా! అరిగి, వేడెక్కి, చివరికి టర్బైన్ డిస్క్ పగిలింది. ఆ విమానానికి నాలుగు ఇంజన్లూ తోక దగ్గరే, జంటలుగా ఉంటాయి. ముక్కలు పక్క ఇంజన్‌కి తగిలాయి, ముక్కు పైకీ కిందికీ తిప్పే కంట్రోల్ తెగింది, సామాన్ల గదిలో మంట లేచింది. వెనక్కి తిప్పుకుని వచ్చారు పాపం. ఇంకొన్ని కిలోమీటర్లలో రన్‌వే అనగా అడవిలో కూలింది. 183 మందిలో ఒక్కరూ మిగలలేదు.

లారీ అయితే పక్కకి తీసి దూకొచ్చు, తల్లీ.

ఫ్లైట్ లేటవుతోందని నీ మీద కూడా అరుస్తారు. అరవనీ. నీకు అసలే మొహమాటం ఎక్కువ, ఎవరైనా రెండుసార్లు అడిగితే సరేనంటావు. పెట్టె మీద రాసిన అంకె చూసి సంతకం పెట్టావని తెలిస్తే హైదరాబాద్ వచ్చి మరీ చెవి మెలేస్తాను. విప్పి లెక్కపెట్టు. ఎవరైనా తిడితే రాత్రి ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా వింటాను.

అమ్మమ్మ నీకు ఆవకాయ సర్దుతోంది. పోయినసారి డబ్బా కారి నీ బట్టలన్నీ నూనె అయ్యాయని సణిగావుగా. ఈసారి మూత కింద రబ్బరు కొత్తది వేశాను.

తాతయ్య