బోరేజ్ సాగు: గింజ రాలేలోపు కోయడమే అసలు పని

ప్రశ్న: మాది బెంగళూరు గ్రామీణ జిల్లా, దొడ్డబళ్లాపురం తాలూకా. రెండెకరాల ఎర్రనేల, బోరు, డ్రిప్ ఉన్నాయి. ఇన్నాళ్లూ రాగి, టమాటా వేశాం. బోరేజ్ అనే నీలం పూల పంట గింజల నూనెకు మందుల కంపెనీల్లో గిరాకీ ఉందని విన్నాను. ఈసారి ఎకరంలో వేయాలనుకుంటున్నాను. ఎప్పుడు విత్తాలి, ఎలా కోయాలి? తేనెపెట్టెలు తప్పనిసరా? కోత తర్వాత మిగిలే చొప్ప ఆవులకు వేయవచ్చా?

జవాబు: మొదటి ఏడాదే ఎకరం వద్దండి. పది గుంటలతో, అంటే పావెకరంతో మొదలుపెట్టండి, అదీ కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం కుదిరాకే. బోరేజ్‌కు మద్దతు ధర లేదు, మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే వేలం పాడేవాళ్లూ ఉండరు. ఎన్నో ఏళ్లుగా పండిస్తున్న బ్రిటన్‌లో కూడా రైతులు దీన్ని ఎక్కువగా ఒప్పందం మీదే వేస్తారు. ఒప్పందంలో ధర ఒక్కటే రాసుకుంటే చాలదు. గింజలో తేమ, చెత్త ఎంతవరకు ఒప్పుకుంటారు, శాంపిల్ ఎవరి ఎదుట తీస్తారు, నూనె శాతం ఏ ల్యాబ్ తేలుస్తుంది అన్నవి కూడా ఉండాలి. ఈ నూనె విలువంతా అందులోని గామా లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానిది. గింజలో సుమారు 30 శాతం నూనె, ఆ నూనెలో దాదాపు 20 శాతం ఈ ఆమ్లం ఉంటాయి. గింజ గట్టిపడే రోజుల్లో ఎండ ముదిరితే ఆ శాతం పడిపోతుంది. మీరు విత్తే తేదీని నిర్ణయించేది ఇదే.

మీ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు పెద్ద వానల నెలలు. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు 10 లోపు విత్తితే డిసెంబరు మధ్యలో పూత మొదలై, రాత్రులు చల్లగా ఉండే జనవరిలో గింజ పాలు పోసుకుంటుంది. కోత ఫిబ్రవరి పొడి వాతావరణంలో పడుతుంది. సంక్రాంతి దాటాక విత్తితే గింజ ఏప్రిల్ ఎండకు చిక్కుతుంది, దిగుబడీ నాణ్యతా రెండూ పోతాయి.

విత్తనం విషయంలో ఒక జాగ్రత్త. నర్సరీల్లో ‘ఇండియన్ బోరేజ్’ అని అమ్మేది వాము ఆకు మొక్క, మీ దగ్గర దొడ్డపత్రె అంటారు. దానికీ ఈ పంటకూ సంబంధం లేదు. బోరాగో అఫిసినాలిస్ అని లేబుల్ మీద ఉన్నదే తీసుకోండి. విదేశీ విత్తనమైతే ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ 2003 ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఆ కాగితాలు కొనుగోలుదారునే చూపించమనండి. ఆన్‌లైన్‌లో పొట్లాలు తెప్పించుకోవద్దు.

పది గుంటలకు 1 నుంచి 1.25 కిలోల విత్తనం సరిపోతుంది. ముందు వంద గింజలు తడి గుడ్డలో చుట్టి, చీకట్లో ఉంచి మొలక చూసుకోండి. 70 కంటే తక్కువ మొలిస్తే మోతాదు ఆ మేరకు పెంచండి. నారు పోసి నాటే పంట కాదిది. తల్లివేరు నేరుగా లోతుకు దిగుతుంది, పీకితే కోలుకోదు. ఆఖరి దుక్కిలో ఒక ట్రాక్టరు ట్రాలీ మాగిన పశువుల ఎరువు వేసి, మట్టి మెత్తగా చేసి, ఎత్తు మడులు కట్టండి. అకాల వాన పడితే నీళ్లు నిలవకూడదు, నిలిస్తే వేరు కుళ్లుతుంది. విత్తే ముందు ఒక తడి ఇచ్చి, మొలిచిన కలుపును పైపైన గుంటకతో తీసేయండి. ఆ తర్వాత సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు వదిలి, రెండు సెంటీమీటర్ల లోతులో విత్తి మట్టి కప్పండి. గింజకు వెలుతురు తగిలితే మొలక తగ్గుతుంది కాబట్టి పైన చల్లి వదిలేయకండి. వారం పది రోజుల్లో మొలుస్తుంది. మూడో వారంలో మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఉండేలా పలచన చేయండి.

ఎరువు ఎక్కువైతేనే ఈ పంట చెడుతుంది. పది గుంటలకు విత్తేటప్పుడు 9 కిలోల డీఏపీ, 7 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, నెల రోజులకు 5 కిలోల యూరియా. అంతకు మించి వద్దు. టమాటాకు అలవాటైన చెయ్యి డ్రిప్‌లో యూరియా వదులుతూనే ఉంటుంది, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి పడిపోతుంది, కొత్త పూత ఆగదు, గింజ ఒక్కసారిగా పండదు. భూసార పరీక్షలో ఉదజని సూచిక 5.5 కంటే తక్కువ వస్తే కార్డులో చెప్పిన సున్నం వేశాకే మొదలుపెట్టండి.

కలుపు 20, 35 రోజులకు చేత్తో తీయించండి. తర్వాత ఆకులు కమ్ముకుని నేలను అవే కప్పేస్తాయి. లేబుల్ మీద బోరేజ్ పేరు లేని కలుపు మందు కొట్టవద్దు. కాండం, ఆకుల నిండా గరుకు నూగు ఉంటుంది, చర్మానికి దురద పెడుతుంది. కూలీలకు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కాలు ముందే సిద్ధం చేయండి.

తేనెపెట్టెల గురించి అడిగారు. పెట్టండి. ఈ పువ్వులో ముందు పుప్పొడి విడుదలవుతుంది, ఆ తర్వాత గానీ పుప్పొడిని అందుకునే కీలాగ్రం సిద్ధం కాదు. అందుకే ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు పుప్పొడి మోసే తేనెటీగ లేకపోతే గింజ సరిగా కట్టదు. పది గుంటలకు రెండు పెట్టెలు, పూత మొదలైన వారంలోనే. అసలు చిక్కు పక్క పొలాలతో వస్తుంది. ద్రాక్షకో టమాటాకో పగటిపూట మందు కొడితే మీ ఈగలు చస్తాయి. పక్క రైతులతో ముందే మాట్లాడి, పొద్దుగూకాక కొట్టమని ఒప్పించండి. మీ మడిలో పూత ఉన్నన్నాళ్లూ పురుగు మందు ఊసే వద్దు. చలికాలంలో బూడిద తెగులు రావచ్చు. అడుగు ఆకులకే పరిమితమైతే వదిలేయండి. మందు తప్పదనిపిస్తే, గంధకమైనా సరే, కొనుగోలుదారు ఒప్పుకున్నాకే కొట్టాలి.

ఇక కోత. ఈ పంటలో లాభం నష్టం తేలేది ఇక్కడే.

నువ్వుకు కాయ ఉంటుంది, అది పగిలేదాకా గింజ లోపలే ఉంటుంది. బోరేజ్‌కు కాయే లేదు. పూరేకులు రాలాక నూగు నిండిన రక్షక పత్రాలు దగ్గరికి ముడుచుకుంటాయి. వేలితో విప్పి చూడండి, అడుగున నాలుగు గింజల దాకా పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. మొదట ఆకుపచ్చగా, తర్వాత గోధుమ రంగులో, చివరికి నల్లగా మారతాయి. నల్లబడ్డ గింజను వేలు తాకితే చాలు, ఊడి వస్తుంది. తాకకపోయినా ఒకట్రెండు రోజుల్లో గాలికి నేలపాలవుతుంది. అదే మొక్క కింది గుత్తిలో గింజ రాలుతుంటే, నడుమ పచ్చిగింజ, కొసన నీలం పూలు ఉంటాయి. పూత మొత్తం ఆగాక కోద్దామనుకునేవారికి అన్నిటికంటే ముందు కట్టిన బరువైన గింజ దక్కదు.

పూత మొదలైన నాలుగో వారం నుంచి రోజూ పొద్దున్నే చేను చూడండి. నాలుగైదు చోట్ల మొక్కల కింద తెల్లగుడ్డ పరవండి. గుడ్డ మీద నల్లగింజలు కనిపించడం మొదలై, మొదటి గుత్తుల్లో ఎక్కువ భాగం నల్లబడితే రెండు మూడు రోజుల్లో కోత పూర్తి కావాలి. పైన పూలున్నాయని ఆగకండి. కాండం నిండా రసం ఉంటుంది కాబట్టి, కోశాక కూడా నడుమ గుత్తుల పచ్చిగింజ కొంత ముదురుతుంది. కోతకు పది రోజుల ముందు నీళ్లు ఆపేయండి.

మంచు తడి ఆరకముందే, తెల్లవారుజామున కోయాలి. ఎండెక్కాక కొడవలి తగిలిన ప్రతి మొక్కా గింజ రాలుస్తుంది. నేల మీద జానెడు ఎత్తులో కోసి, మొక్కను నిటారుగానే పట్టుకుని సాళ్ల మధ్య పరిచిన టార్పాలిన్ మీద పెట్టండి. మోపులు కట్టి భుజం మీద మోయకండి. పది గుంటల పచ్చి మొక్క టన్నుల్లో తూగుతుంది. టార్పాలిన్లు ఎన్ని ఉన్నాయో చూసుకుని, అంత మేరకే ఒక్కోరోజు కోయండి. అడుగు మందం మించి పరిస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆరబెట్టడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పట్టవచ్చు. ఆ లోపు ఒకసారి, అదీ పొద్దుటిపూట, మెల్లగా తిరగేయండి.

కణుపు దగ్గర గట్టిగా నొక్కితే రసం రాకూడదు, అప్పుడే నూర్చాలి. రసం ఉండగా కొడితే గింజ తడిసి బూజు పడుతుంది, నూనె చెడుతుంది. కర్రలతో తేలిగ్గా కొడితే చాలు. రాగి వెన్నులు రోడ్డు మీద పరిచి బండ్లు నడిపించే పద్ధతి దీనికి పనికిరాదు. చిట్లిన గింజలో నూనె గాలి తగిలి కంపు కొడుతుంది, దుమ్ముకూ మరకలకూ కొనుగోలుదారు సరుకు తిప్పి పంపుతాడు. తూర్పారబట్టి, జల్లెడ పట్టి, నీడలో పలచగా ఆరబెట్టి తేమ 10 శాతం లోపుకు తీసుకురండి. ఎండిన నూగు ముక్కులో పోతుంది, మాస్కు కట్టుకోండి. మండుటెండలో కాంక్రీటు కళ్లంపై పోయవద్దు. గోనె సంచులను చెక్కల మీద, చల్లని గదిలో ఉంచి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా అప్పగించండి.

బ్రిటన్‌లో హెక్టారుకు 300 నుంచి 600 కిలోలు మామూలు దిగుబడి. ఆ లెక్కన పది గుంటలకు 30 నుంచి 60 కిలోలు. మొదటిసారి కోతలో రాలేది ఎక్కువ ఉంటుంది కాబట్టి 25 కిలోలకే మీ ఖర్చు లెక్క వేసుకోండి. 25 కిలోలకు కూలి కూడా గిట్టకపోతే ఆ ధరకు ఒప్పుకోవద్దు.

చొప్ప ఆవులకు వేయకండి. ఆకుల్లో, కాండంలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. గుంతలో వేసి మగ్గబెట్టి ఎరువు చేయండి, దూడలు అటు వెళ్లకుండా కంచె కట్టండి.

ఎంత జాగ్రత్తగా కోసినా కొంత గింజ నేలలో మిగులుతుంది. కోత కాగానే లోతు దుక్కి చేస్తే అది లోపల దాగి ఏళ్ల తరబడి కలుపుగా లేస్తుంది. గుంటకతో పైపైన కదిపి, డ్రిప్‌తో తడిపి, మొలిచాక మళ్లీ గుంటక తోలండి. ఇలా రెండుసార్లు చేశాకే రాగికి దున్నండి. కాండం కుళ్లు తెచ్చే తెల్లబూజు అనప, బీన్స్, పొద్దుతిరుగుడుకూ వస్తుంది కాబట్టి ఆ మడిలో వాటిని వెంటనే వేయవద్దు. జొన్న, రాగి, మొక్కజొన్నకు ఆ బెడద లేదు.