ఆ చెయ్యి కాస్త బయటే ఉంచు, లహరీ

చిరంజీవి లహరికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోను రెండు రోజులుగా మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాను. నలభై గ్యాలన్ల ఉప్పునీటి చేపల తొట్టి, తెల్లటి ఇసుక, రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి ట్యాంగ్ చేప, కుడి మూలన పువ్వులాంటి ఎనిమోనీ జీవి. ముచ్చటగా ఉంది. కింద నువ్వు రాసిన మాట చూశాకే గుండె జారింది: "నీళ్లు పోసి ఇవాళ్టికి పన్నెండు రోజులు, మామయ్యా!"

ఫోనులో చెబితే సగం విని మిగతా సగం మీ అమ్మ నోట అప్పగిస్తావు. అందుకే ఉత్తరం. డాలస్ పక్కన ప్లేనోలో ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి పగడాలు పెంచుతున్నాను, పద్దెనిమిదేళ్లయింది. చచ్చినవాటి లెక్క తీస్తే రోగంతో పోయినవి తక్కువ, నా వైద్యంతో పోయినవి ఎక్కువ. సముద్రం గురించి నాకు తెలియనందువల్ల పోయినవాటికంటే, తెలిసిందనుకుని నేను చెయ్యి పెట్టినందువల్ల పోయినవే ఎక్కువ.

ముందు ఆ ఎనిమోనీ సంగతి. అది మొక్కలా ఒక చోట ఉండదు. వెలుతురో ప్రవాహమో నచ్చకపోతే కాలు విడిపించుకుని నడుస్తుంది. కొత్త తొట్టిలో నీటి గుణం రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి దానికి ఏదీ నచ్చదు. నా మొదటి ఎనిమోనీ కూడా ఇలాగే రెండు వారాల తొట్టిలోకి వచ్చింది. ఒక రాత్రి నడుచుకుంటూ వెళ్లి, నీళ్లను కదిపే ఫ్యాను లాంటి వేవ్‌మేకర్ వెనక చేరింది. పొద్దున లేచి చూస్తే నీళ్లలో గంజి కలిపినట్టుంది. వేవ్‌మేకర్ రెక్కల సందుల్లో గులాబీ రంగు పీలికలు. గదంతా చేపల మార్కెట్టు వాసన. సగానికి పైగా నీళ్లు మార్చాను, నీళ్లను శుభ్రం చేసే కార్బన్ వేశాను, అయినా సాయంత్రానికి క్లౌన్లు కాక వేరే రెండు చేపలు, రొయ్యలన్నీ పోయాయి. విడ్డూరమేమిటంటే ఎవరికోసమైతే ఆ ఎనిమోనీని తెచ్చానో ఆ క్లౌన్ చేపలు దాని దగ్గరికే వెళ్లలేదు. ఇప్పటికీ హీటరు పక్కనే కాపురం. తొట్టిలో పెరిగే క్లౌన్‌కు ఎనిమోనీ అవసరం లేదు. దాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చెయ్యి, ఎనిమిది పది నెలల తర్వాత తెచ్చుకో. తిరిగి తీసుకోకపోతే వేవ్‌మేకర్‌కు ఇవాళే స్పాంజి తొడుగు వెయ్యి.

ట్యాంగ్‌ను కూడా ఇచ్చెయ్యి. ఇప్పుడు అగ్గిపెట్టెంత ఉంది కానీ అది అడుగు దాకా పెరిగే చేప, రోజంతా ఈదుతూనే ఉంటుంది. నలభై గ్యాలన్లలో దాన్ని ఉంచడమంటే నిన్ను నీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఉంచడమే. పైగా తెల్లమచ్చల రోగం ముందుగా అంటుకునేది దానికే. ఆ రోగం ఒకసారి తొట్టిలో దిగితే మందు వేయడానికి ఉండదు. రోగాన్ని చంపే రాగి పగడాలనూ నత్తలనూ కూడా చంపుతుంది. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి తీసి, అసలు తొట్టిని పదకొండు వారాలు చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి. అంత అవస్థ కంటే, కొత్త చేపను ముందు నెల రోజులు ఒక చిన్న తొట్టిలో విడిగా ఉంచడం సుఖం. నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు, నువ్వూ వినవని తెలుసు. అయినా రాస్తున్నాను.

పన్నెండు రోజుల మాటకు వస్తాను. చేపల విసర్జనలో అమోనియా ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సంసారం కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసా బ్యాక్టీరియా పోశావు కాబట్టి నీ పరీక్షలో అమోనియా సున్నా రావడం నిజమే కావచ్చు. అయినా నెల దాకా రోజూ చూస్తూ ఉండు. త్వరలో ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది, తర్వాత ఆకుపచ్చ వెంట్రుకల పాచి వస్తుంది. కంగారుపడి దుకాణంలో కనిపించిన మందల్లా పోయకు. ప్రతి తొట్టికీ ఆ వికారపు వయసు వస్తుంది, పోతుంది. నత్తలు నాలుగు వెయ్యి, దీపం గంటలు తగ్గించు, మేత తగ్గించు. పాచి మీద కోపంతో నైట్రేటు, ఫాస్ఫేటు పూర్తిగా సున్నా చేసినవాళ్లను చూశాను. అప్పుడు డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు వస్తాయి. రాళ్ల మీద చీమిడిలా, బుడగలు చిక్కుకుని వేలాడుతుంటాయి. అవి వచ్చాక ఆ వెంట్రుకల పాచే నయమనిపిస్తుంది. నైట్రేటు లీటరుకు 5, 10 మిల్లీగ్రాముల మధ్య ఉంటే నేను నిద్రపోతాను.

నీళ్ల దగ్గర నేను చేసిన తప్పు చెబితే నవ్వుతావు. చినగంజాం ఉప్పు మడుల పక్కన పెరిగినవాణ్ణి. ఎండకు నీళ్లు పోయి ఉప్పు మిగలడం పుట్టినప్పటి నుంచి చూశాను. అలాంటి నేను తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే కలిపి పోశాను. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే కదా, ఉప్పు లోపలే ఉంటుంది. మూడు నెలలకు లవణీయత, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు, 35 నుంచి 41కి చేరింది, పగడాలు ముడుచుకుపోయాయి. తగ్గిన నీళ్లను మంచినీళ్లతోనే నింపాలి. అదీ కొళాయి నీళ్లు కాదు, కరిగినవన్నీ తీసేసిన ఆర్ఓ డీఐ నీళ్లు. ఇక్కడ టెక్సస్‌లో మన ఊళ్ల కొళాయి నీళ్లలో సూక్ష్మక్రిములు చావడానికి క్లోరమీన్ కలుపుతారు, దాన్ని వంటగది ఫిల్టరు పూర్తిగా తియ్యదు. ఇక లవణీయత కొలవడానికి నీ దగ్గరున్న ముల్లు ఊగే ప్లాస్టిక్ పరికరాన్ని నమ్మకు. ముల్లుకు ఒక్క గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. ఆదివారం వచ్చేటప్పుడు నా పాత రిఫ్రాక్టోమీటర్ తెస్తాను.

ఇప్పుడు నాకు బాగా ఖరీదైన పాఠం. పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి క్యాల్షియంతో పాటు నీటి క్షారతను వాడుకుంటాయి. అందుకే దాన్ని కొలుస్తూ, తగ్గినంత కలుపుతూ ఉండాలి. నాలుగేళ్లు పెంచిన అక్రోపోరా పగడం ఒకటి ఉండేది, అరచేతి వెడల్పున, కొమ్మల చివర ఊదారంగు. ఒక శుక్రవారం రాత్రి భోజనం చేసి పరీక్ష చేస్తే క్షారత 5.5 డీకేహెచ్ (క్షారతను కొలిచే లెక్క) వచ్చింది. సముద్రంలోనే 7 దాకా ఉంటుంది. కంగారుపడ్డాను. క్షారత పెంచే సోడా యాష్ కలిపిన సీసా తెచ్చి లెక్కకట్టి, ఆ లెక్కకు ఇంకాస్త జోడించి ఒక్కసారిగా పోసి పడుకున్నాను. శనివారం పొద్దున ఆ పగడం చర్మం అడుగు నుంచి పైకి ఊడుతోంది, ఉడికిన శనగకు పొట్టు ఊడినట్టు. మధ్యాహ్నానికి తెల్లటి ఎముక మిగిలింది. దుకాణానికి నీళ్లు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే 11.5 వచ్చింది. ఇంటికి వచ్చి నా పరీక్ష కిట్ పెట్టె తిప్పి చూశాను. గడువు పోయి పద్నాలుగు నెలలయింది. రాత్రి నీళ్లలో ఏ లోపమూ లేదు, లోపం నా కిట్ సీసాలో ఉంది. అప్పటి నుంచి నాకు నచ్చని అంకె వస్తే రెండో కిట్‌తో కొలవకుండా ఏమీ పోయను. నిజంగానే తక్కువైనా రోజుకు ఒక డీకేహెచ్ కంటే పెంచను.

సంప్ గురించి, అంటే తొట్టి కింద నీళ్లు చేరే రెండో తొట్టి గురించి, ఒక్క మాట. నువ్వుండేది మూడో అంతస్తు, కింద మనుషులున్నారు. కరెంటు పోతే పైకి తోసే పంపు ఆగుతుంది, పైనున్న నీళ్లు ఆ గొట్టంలోంచే కింది సంప్‌లోకి దిగుతాయి. సంప్‌లో అంత చోటు లేకపోతే నేల మీదికి వస్తాయి. ఈ శనివారం తువ్వాలు చేతిలో పెట్టుకుని నువ్వే పంపు ఆపి, ఎంత వరకు వస్తాయో చూడు. ఆ గీతను మార్కరుతో రాసిపెట్టుకో. నేను ఆ పరీక్ష చేయలేదు. మా చెక్క నేల చేసిపెట్టింది, పలకలు పడవల్లా వంగాయి. తీగలన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి బొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద నేల మీద పడుతుంది. చేయి పెట్టే ముందు హీటరు ప్లగ్గు తియ్యి. నీళ్లు మార్చేటప్పుడు బయటపడ్డ హీటరు పగులుతుంది, ఆన్‌లోనే బిగుసుకుపోయిన హీటరు తొట్టిని పులుసు చేస్తుంది. ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి, మధ్యలో విడి కంట్రోలరు పెట్టుకో.

2021 ఫిబ్రవరి నీకు తెలియదు, అప్పటికి నువ్వింకా గుంటూరులోనే ఉన్నావు. 15వ తేదీ తెల్లవారుజామున మా ఇంట్లో కరెంటు పోయింది. మర్నాడు డాలస్‌లో సున్నాకు 19 డిగ్రీలు కిందికి దిగింది. ఇల్లు 8 డిగ్రీలు, తొట్టి సాయంత్రానికి 18. మీ అత్తయ్యా నేనూ తొట్టికి బొంతలు చుట్టాం. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, సోడా సీసాల్లో పోసి మూత బిగించి తొట్టిలో తేలవేశాం. రాత్రంతా గంటకోసారి మార్చాం. అంతా చేసి అసలుది మరిచాను. చేపలను ముందు చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. నీళ్లు కదలకపోతే ప్రాణవాయువు ఉండదు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గుర్తొచ్చి, ఇద్దరం గిన్నెలతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాం. క్లౌన్లు, మెత్తటి పగడాలు బతికాయి, రాతి పగడాల్లో మూడొంతులు పోయాయి. మీ హ్యూస్టన్‌లో 2024 జూలై బెరిల్ తుఫాను నువ్వే చూశావు. ఎండాకాలం కరెంటు కోత ఇంకా కష్టం. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఇముడుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపులు రెండు కొని, బ్యాటరీలతో సహా తొట్టి కింద పెట్టు. కరెంటు లేనంతసేపు మేత వెయ్యకు.

ఇంటికి వచ్చే చుట్టాలూ ప్రమాదమే. మా అత్తగారిది రాజమండ్రి. రైలు గోదావరి వంతెన ఎక్కితే నాణెం వేయకుండా ఉండని మనిషి. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు గంగమ్మ ఇంట్లోనే ఉందని సంబరపడి, తలుపు దగ్గర గిన్నెలోంచి ఒక పెన్నీ తీసి దణ్ణం పెట్టి వేసిందట. పది రోజుల తర్వాత నత్తలు ఒక్కొక్కటే అద్దం మీదినుంచి రాలి పడుతుంటే రాళ్లు కదిపి వెతికాను. ఇసుకలో పచ్చగా చిలుము పట్టిన నాణెం దొరికింది. పైన రాగి, లోపల జింకు, రెండూ నత్తలకు విషమే. అవి దానివల్లే పోయాయని ప్రమాణం చేయను. కానీ ఇప్పుడు తొట్టికి మూత ఉంది. దూకే చేపలకు కూడా అది పనికొస్తుంది.

ఊరికి వెళ్లేటప్పుడు మేత డబ్బా ఎవరి చేతికీ ఇవ్వకు. మేం మూడు వారాలు ఇండియా వెళ్లినప్పుడు పక్కింటి పిల్లవాడు నాలుగు రోజుల్లో డబ్బా ఖాళీ చేశాడు, "అవి ఇంకా అడుగుతున్నాయి అంకుల్" అని. వారం రోజుల గళ్లున్న మాత్రల పెట్టెలో రోజుకింత వేసి పెట్టి, డబ్బాను బీరువాలో దాచి వెళ్లు.

ఒక్క విషయంలో మాత్రం నేను నవ్వను. బొత్తాల్లా గుంపుగా పెరిగే రంగురంగుల జోయాంథిడ్లు కొన్నావన్నావు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయిలోని మావీ దీవిలో హానా దగ్గర ఒక రాతి గుంటలో ఈ జాతి జీవి పెరిగేది. దాన్ని పూర్వం ఈటె మొనలకు పూసేవారని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మూర్, ష్యూయర్ 1971లో దాన్నుంచే ఈ విషాన్ని విడదీసి ప్రకటించారు. ఉడకబెడితే అది నశించదు, ఆవిరితో తుంపరలు గాల్లోకి లేస్తాయి. నాకు తెలిసిన ఒకాయన, అక్కరలేని పాచి పోతుందని ఇవి పెరిగిన రాయిని వంటగదిలో ఉడకబెట్టాడు. అరగంటలో ఇంటిల్లిపాదికీ దగ్గు, చలిజ్వరం, నోట్లో ఇనుప రుచి. అందరూ ఆసుపత్రిలో తేలారు, కుక్క పశువైద్యుడి దగ్గర. కాబట్టి వాటిని కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకో. వేడినీళ్లు పోయకు, ఎండబెట్టి బ్రష్షుతో రుద్దకు. చేతికి గాయముంటే అసలు ఆ పని పెట్టుకోకు. ఎప్పుడైనా ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళితే పాలీటాక్సిన్ అన్న పేరు డాక్టరుకు చెప్పు, వాళ్లలో చాలామంది విని ఉండరు.

హైదరాబాదులో మీ తమ్ముడు కూడా నీ ఫొటో చూసి మొదలుపెడతానంటున్నాడని అమ్మ చెప్పింది. చేపలు పెంచుకోమను. రాతి పగడాల జోలికి పోవద్దని చెప్పు. 2001 నుంచి అవి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ అందులోనే. ఎవరైనా మన్నార్ నుంచో అండమాన్ నుంచో తెచ్చానని అమ్మితే కొన్నవాడు కూడా ఇరుక్కుంటాడు. సంక్రాంతికి వెళ్లేటప్పుడు నీ తొట్టిలో కొమ్మ ఒకటి విరిచి పెట్టెలో పెట్టుకెళ్లే ఆలోచన కూడా చేయకు. రాతి పగడాన్ని దేశం దాటించాలంటే సైటీస్ అనే అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం కింద అనుమతి పత్రాలు కావాలి.

ఆదివారం పదకొండుకల్లా మీ ఇంట్లో ఉంటాను. అప్పటిదాకా అమోనియా చూడు, మంచినీళ్లు పొయ్యి, వేరే ఏమీ చేయకు. అత్తయ్య నాతో గోంగూర పచ్చడి పంపుతానంటోంది. అది తిన్న చేత్తో ట్యాంకు దగ్గరికి రాకు.

ప్రేమతో,
మామయ్య