కాచిన తేనెలో మందు గుణం ఉంటుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. జీడితోటలో పది తేనె పెట్టెలు పెట్టాం. సీసాల్లో తేనె గడ్డకడుతోంది. చక్కెర కలిపారని కొనేవాళ్లు అనుమానిస్తున్నారు. పొయ్యి మీద కాచి అమ్మమని ఒకరు చెప్పారు. కాస్తే మందు గుణం పోతుందా? మా ఆవు కాలి పుండుకు ఈ తేనె రాయొచ్చా?

జవాబు: దయచేసి పొయ్యి మీద పెట్టకండి. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె గడ్డకట్టడం సహజం. గడ్డకట్టిందని కల్తీ అనలేం, కట్టలేదని స్వచ్ఛమనీ అనలేం. అది ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది.

మీరడిగిన మందు గుణంలో పెద్ద పాలు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. తేనెటీగలు తమ తలలోని గ్రంథుల నుంచి దాన్ని మకరందంలో కలుపుతాయి. అది గ్లూకోజ్ మీద పనిచేసినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుండు కడిగితే బుసబుసా నురగొచ్చే మందు మెడికల్ షాపులో అమ్ముతారు కదా, అదే. తేనెలో సూక్ష్మజీవులను అడ్డుకునేది ఇదేనని 1963లో అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ వైట్ బృందం తేల్చింది.

చిక్కటి తేనెలో ఈ ఎంజైమ్ దాదాపు పనిచేయదు. నీరు తగిలితేనే మొదలవుతుంది. తేనెపట్టులో మకరందం ఇంకా పలచగా ఉన్నప్పుడు చెడకుండా కాసేది ఇదే. పుండు మీదా అంతే, రసి తగిలాక పెరాక్సైడ్ కొద్దికొద్దిగా ఊరుతుంది. షాపులో కొన్న పెరాక్సైడ్ ఒక్కసారిగా పోస్తే కొత్తగా వచ్చే కండ కూడా దెబ్బతింటుంది. మన తెల్ల రక్తకణాలు కూడా క్రిములను చంపడానికి పెరాక్సైడ్‌నే తయారుచేసుకుంటాయి. మేలైనా కీడైనా మోతాదులోనే ఉంది.

ఎక్కువ వేడికి ఈ ఎంజైమ్ పాడవుతుంది. కరిగించాలంటే సీసాను 40 డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. ఎండలో పెట్టొద్దు, కొన్ని తేనెల్లో వెలుతురుకూ ఎంజైమ్ తగ్గుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, తేనె దాన్ని పీల్చుకుని పులుస్తుంది. మూత గట్టిగా బిగించండి. గదులకు తేనెటీగలు మైనం మూత వేసిన ఫ్రేముల నుంచే తేనె తీయండి. తేమ 20 శాతం దాటకూడదు.

ఆవుకు పైపై పుండైతే, కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, కాచని తేనె రాసి శుభ్రమైన గుడ్డ కట్టండి. కట్టు లేకపోతే చీమలు, ఈగలు వదలవు. లోతుగా ఉన్నా, పురుగులు పడినా పశువైద్యుడికి చూపించండి. నోట్లోనూ పొక్కులుంటే అది గాలికుంటు కావచ్చు, ఆలస్యం చేయొద్దు.

ఇంకొక మాట, తేనె కొనేవాళ్లకు కూడా చెప్పండి. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. అందులో ఉండే అవకాశమున్న బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) క్రిమి బీజాలను ఈ ఎంజైమ్ చంపలేదు.